పళ్లెం పక్కన గోలి

ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వస్తున్నాయంటే చాలు, ఇప్పటికీ నాకు గుండెల్లో దడ మొదలవుతుంది. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను ముసలివాళ్ల మొహాల వంక చూస్తుంటాను. భక్తి లేదనుకుంటే అనుకోనీ.

బాపుకు బీపీ ఉందని తెలిసిన రోజు ఇంట్లో భయపడింది నేనొక్కదాన్నే. పెద్దబాపు, అంటే బాపు వాళ్ల అన్న, అదే బీపీతో ఒక పొద్దున మొహం కడుక్కుంటూ కుప్పకూలాడు. కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఆయనకు చెంచాతో గంజి పోసి, పెదవి చివర నుంచి కారిందంతా కొంగుతో తుడిచిందాన్ని. నాకు కాకపోతే ఇంకెవరికి భయం?

"నాకేం రోగమే, గట్టిగున్న," అనేవాడు బాపు.

"పెద్దబాపు గూడ గట్టిగనే ఉండె!" అని మీద పడేదాన్ని.

నేనుండేది నస్పూర్‌లో. మా ఆయనది బొగ్గుబాయిలో పని. నన్ను కన్న అవ్వా బాపూ లక్సెట్టిపేటలో. రోజూ వెళ్లి ఆయన నోట్లో బీపీ గోలి వేసి రాలేను కదా. అందుకే అవ్వ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున రొట్టె పెట్టేటప్పుడే పళ్లెం పక్కన గోలి కూడా పెట్టేది. తిన్నాక వేసుకోమని డాక్టర్ చెప్పాడు కాబట్టి, గోలి మింగేదాకా ఎంగిలి పళ్లెం తీసేది కాదు. నేను ఫోన్ చేస్తే, "ఏసుకున్నడు, నువ్వేం ఫికర్ జెయ్యకు" అనేది. అప్పుడుగాని నా ప్రాణం కుదుటపడేది కాదు.

ఆ యేడు శ్రమల దినాలు నలభై రోజులూ బాపు ఉపవాసం పట్టాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాకే ఇంత అన్నం. నేను వద్దని మొత్తుకున్నా వింటేనా! గోలి సంగతి అడిగితే, "డాక్టర్ చెప్పినట్టే నడుస్తున్నది" అంది అవ్వ. ఇంకేం కావాలి, నమ్మాను.

గుడ్ ఫ్రైడే నాడు పుట్టింటికి వెళ్లాను. ఉప్పు డబ్బా కోసం గూట్లో చెయ్యి పెడితే గోలీల అట్టలు తగిలాయి. ఒక్కటీ చింపలేదు.

"అవ్వా! గివేంది?"

"ఒక్కపొద్దున్నడు గదనే. తిన్నంకనే ఏసుకోవాలన్నడు డాక్టరు. పొద్దుగాల తింటనే లేడు, ఎట్ల ఇయ్యాలె?"

"రాత్రి తింటడు గద!"

"అది పొద్దటి గోలి బిడ్డా."

అవ్వ మొహంలో ఏ కల్మషమూ లేదు. డాక్టర్ మాట ఇంతైనా తప్పలేదన్న ధీమాతో నిలబడి ఉంది. అట్ట చింపి ఒక గోలి తీశాను.

బాపు అప్పటికే చర్చికి వెళ్లిపోయాడు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఐదోది, 'దప్పిగొనుచున్నాను' అన్న మాట మీద ప్రసంగం ఆయన వంతు. గోలి కొంగున ముడేసుకుని ఉరికాను, నా వెనకే అవ్వ. నేను చేరేసరికి ఆరాధన మొదలైంది. బాపు ముందర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆరాధన మధ్యలో వెళ్లి గోలి ఇవ్వలేక ఆడవాళ్ల వైపు చివర కూలబడ్డాను. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడుతున్నారు. నాకు ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు. బాపు కుడిచేత్తో ఎడమచేతిని రుద్దుకుంటున్నాడు. ఆగుతున్నాడు, మళ్లీ రుద్దుకుంటున్నాడు. చలి అనుకుందామంటే బయట ఎండ మండిపోతోంది. దేవా, ఈయనను పెద్దబాపు లెక్క చెయ్యకు అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన ప్రార్థన అదొక్కటే.

బాపు వంతు వచ్చింది. లేచి బల్ల పట్టుకున్నాడు. రెండు వాక్యాలు బాగానే చెప్పాడు. మూడోదానికి నాలుక మడతపడింది. మళ్లీ అదే మాట అందుకోబోయాడు, ముద్దముద్దగా వచ్చింది. ఏడుపు ఆపుకుంటున్నాడనుకుని నా పక్కావిడ కళ్లు ఒత్తుకుంది. ఎవరో "ఆమెన్" అన్నారు.

అయ్యో, ఏం ఆమెన్! లేచి మగవాళ్ల మధ్య నుంచి పరుగెత్తాను.

"బాపూ, కూసో! పానం బాగలేదు అయ్యగారూ, బండి కావాలె!"

నా కేక మైకులోంచి చర్చంతా వినబడింది. సిగ్గూ లేదు, శరమూ లేదు. సంఘంలో ఒకాయన కారు తీశాడు. అవ్వ ముందు సీట్లో, నేనూ బాపూ వెనక. మంచిర్యాల ఆసుపత్రికి బయలుదేరాం.

"నిన్నటి సంది ఈ చెయ్యి తిమ్మిరెక్కుతున్నది," ముద్దముద్దగానే అన్నాడు బాపు. "చెప్తే ఒక్కపొద్దు ఇడువుమంటరని చెప్పలే."

"భయమైతుందా బాపూ?"

"అయితుంది."

ఆ మాట బాపు నోట నేనెన్నడూ వినలేదు. ఆయన ఎడమచేతిని నా రెండు చేతుల్లోకి తీసుకుని, గోళ్లు దిగేలా బిగించి పట్టుకున్నాను. బాపు కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. కొంచెం దూరం పోయాక, ఆ చెయ్యి ఇంకా నా చేతుల్లోనే ఉండగా, అటే చూస్తూ అన్నాడు:

"నా చెయ్యి జర పట్టుకో బిడ్డా."