మావయ్య చెప్పిన ఆస్ట్రేలియా ఆట

బర్మాలో మా ఊరి లత పేటలో చీనావాళ్ళ మందుల వీధిలోకి అడుగుపెట్టగానే ఎండిన వేళ్ళూ, కర్పూరమూ, ఏదో ఘాటు నూనె కలిసిన వాసన ఎదురొస్తుంది. పేరుకి లతేగాని అక్కడ అల్లుకునేవన్నీ మనుషులూ తోపుడుబళ్ళూనే. మొన్న నా మోకాలికి తైలం కోసం వెళ్ళాను. బంతినొకసారైనా తిన్నగా తన్నకుండానే అరిగిపోయిన మోకాలది. దుకాణంవాడు సీసా మూత తీసి వాసన చూడమన్నాడు. అంతే, అహ్లోన్ పేటలో మా ఇంటి మేడగదీ, వీధివైపు కిటికీ, చాప మీద కుడికాలు చాపుకుని తైలం రాసుకుంటున్న అప్పలస్వామి మావయ్యా కళ్ళ ముందు నిలిచారు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. బియ్యం మిల్లు జట్టుకి సెంటర్ ఫార్వర్డ్. ఆదివారం సాయంత్రాలు మిల్లు వెనక మైదానంలో, తవుడు వాసన గాలిలో తేలుతుండగా, బర్మావాళ్ళూ మనవాళ్ళూ కలిసి "కో అప్ప, కో అప్ప" అని, బర్మాలో అప్పన్నా అన్నట్టు, అరుస్తుంటే ఆయన గోల్స్ కొట్టేవాడట. 'ట' ఎందుకంటే నాకు ఊహ తెలిసేసరికి మోకాలు విరిగిపోయింది, ఆయన చాప మీదకి చేరిపోయాడు. ఎవరు పలకరించినా ఊ అనడమే. "నోట్లో నాలికుందో నేదో సూడండర్రా" అని అమ్మమ్మ విసుక్కునేది. చిన్నప్పుడు విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చిన అమ్మమ్మకి చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చడం అలవాటు. లావుపాటి బర్మా చుట్టతో ఆ విద్య చేయడం సామాన్యం కాదు. అది నోట్లో ఉన్నంతసేపూ ఆవిడ మాటలు సగం మాకు అర్థమయ్యేవి, తక్కిన సగం పొగయ్యేది.

మావయ్య నాలుకని కదిలించింది రేడియో. దేశం తలుపులన్నీ వేసుకు కూర్చున్న రోజులవి. బయటి సరుకు రాదు, బయటి మనిషి రాడు. రేడియోలో వేసే టార్చి సెల్లులు దొరకడం గగనం కాబట్టి, నీరసించిన సెల్లుల్ని వడియాల్లా చేటలో పెట్టి ఎండబెట్టి, ఇంకో నాలుగు రోజులు బతికించుకునేవాళ్ళం. వానల్లో అయితే పొయ్యి గట్టు మీద వెచ్చబెట్టేవాళ్ళం. ఒక శనివారం ఉదయం మావయ్య ముల్లు తిప్పుతుంటే, సముద్రమంత జనం హోరు మీదుగా ఇంగ్లీషులో ఎవరో పరుగెత్తుతూ మాట్లాడుతున్నట్టు వినిపించింది. పక్కింటి రోజీ ఆంటీని పిలిచాం. ఆవిడ ఆంగ్లో బర్మీస్ మనిషి, తోబుట్టువులందరూ ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి తరలిపోగా పిల్లులతో మిగిలిపోయింది. ఆవిడ చెవి ఒగ్గి, అది ఆస్ట్రేలియావాళ్ళ ఫుట్‌బాల్ అని తేల్చింది. బంతి కోడిగుడ్డులా ఉంటుందిట. గోల్‌కి రెండు కాదు, నాలుగు స్తంభాలు. మధ్య రెంటి నడుమ నుంచి తంతే ఆరు పాయింట్లు, తప్పి పక్క సందులోంచి పోతే ఒకటి.

"తప్పినా పాయింటిస్తారేటి?" అన్నాడు మావయ్య. చాలాకాలానికి ఆయన వేసిన మొదటి ప్రశ్న అది.

"దయగల దేశం అప్పా," అంది ఆంటీ.

ఆ ఆటలో ఒక ఫార్వర్డ్ ఉండేవాడు. పేరు మా నోళ్ళకి తిరగక 'లంబోడు' అని పెట్టుకున్నాం. బర్మావాళ్ళ ఉగాది తింజాన్ పండగ నీళ్ళు చల్లుకోవడం అయి, బెల్లం పెట్టి నీళ్ళలో ఉడికించిన బియ్యప్పిండి ఉండల్లో ఎవరో పచ్చిమిర్చి దాచిన ఉండ ప్రతిసారీ నాకే దక్కి, నా కళ్ళనీళ్ళతో పండగ ముగిసే వేళకి ఆస్ట్రేలియావాళ్ళ ఆటల కాలం మొదలయ్యేది. మా వానలన్నీ లంబోడి గోల్స్‌తో తడిసేవి. ఒక ఏడు ఉన్నట్టుండి అతని పేరు వినబడలేదు. మోకాలు పోయిందని ఆంటీ మెల్లగా చెప్పింది. మావయ్య తైలం సీసా మూత బిగించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరుసటి ఏడు రేడియోలో కొత్త గొంతు. "వీడే, మీ లంబోడే. ఇప్పుడు కామెంటరీ చెపుతున్నాడు," అంది ఆంటీ. మావయ్య ఆ పూటంతా రేడియోకి ఆనుకునే కూర్చున్నాడు.

ఆదివారం కుంటుకుంటూ మిల్లు మైదానానికి వెళ్ళి రేకు బాకా అందుకుని ఆట చెప్పడం మొదలెట్టాడు. పొగడ్తలు బర్మాలో, తిట్లు తెలుగులో చెప్పేవాడు. "ఆడి కాళ్ళు ఆడి మాటినవు, బంతేటి ఇంటాది" అంటే జనం విరగబడి నవ్వేవారు. కాళ్ళతో పోయిన పేరు గొంతుతో తిరిగొచ్చింది. ఇంట్లో కూడా మనిషి మనుషుల్లో పడ్డాడు. అమ్మమ్మకి చుట్ట రుచి తెలిసింది మళ్ళీ అప్పుడే.

ఆ తరవాత ఎనిమిదులన్నీ కలిసొచ్చిన ఏడాది, పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిది. వీధులు సైనిక పాలన మీద తిరగబడ్డ జనంతో నిండాయి, కాల్పులతో ఖాళీ అయ్యాయి. ఐదుగురు ఒకచోట చేరితే నేరమన్నారు. ఇరవై రెండుమంది ఆడే ఆట ఆ లెక్కన రాజద్రోహం. మైదానం మూతపడి, మిల్లులో సైనికులు మకాం పెట్టారు. కాలేజీ చదువుతూ ఊరేగింపుల్లో తిరిగిన మా సత్యం అన్నయ్య కోసం వెతుకులాట మొదలైంది. మా ఇంట్లో ఇన్సేన్ అంటే రెండు ఊళ్ళు. నాన్న రైల్వే వర్క్‌షాపు పనికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేది ఒకటి, వెళ్ళినవాళ్ళు తిరిగిరాని జైలుది ఇంకొకటి. అన్నయ్యని రెండోదానికి పోనివ్వకూడదు. వాడు రోజీ ఆంటీ ఇంట్లో నక్కి ఉన్నాడు. సందు చివర రేవులో పడవ సిద్ధంగా ఉంది. ఆ సందులో సైనికులు తిరుగుతున్నారు.

శనివారం ఉదయం మావయ్య ప్రాణం లేని రేడియోని కిటికీలో పెట్టుకుని, పక్కన కూర్చుని గొంతెత్తాడు.

"బంతి ఆంటీ కాడుంది. బ్యాకులంతా కొళాయి కాడ సిగరెట్లు ముట్టిస్తన్నారు. ఒరే, కంగారడకు... ఒకడిటే సూస్తన్నాడు... తిరిగినాడు. లెఫ్ట్ వింగు కాళీ. పాసివ్వండర్రా, బేగి."

సందులో ఉన్నవన్నీ మనవాళ్ళ ఇళ్ళే. పెరటి తలుపు ఒకటి తెరుచుకుంది, మూసుకుంది. తరవాత పక్కింటిది. అన్నయ్య అలా ఇంటి నుంచి ఇంటికి అందుతూ రేవు వైపు కదిలాడు. వాడు ఏ ఇంట్లో ఉన్నాడో ఆ కామెంటరీలో వింటూ అమ్మ గుమ్మం పట్టుకు నిలబడిపోయింది. నేను మాత్రం, నిజంగానే ఆట జరుగుతోందనుకుని, గోలెప్పుడు పడుతుందా అని చూస్తున్నాను. నా తెలివి అప్పటికే అంత.

కొళాయి దగ్గరి సార్జెంటుకి తెలుగు రాకపోయినా లెఫ్ట్ వింగు తెలుసు. మెట్లెక్కి పైకొచ్చాడు. "ఏం మ్యాచ్ కో అప్ప?" అని బర్మాలో అడిగాడు. ఒకప్పుడు ఈయన ఆట చూసినవాడే.

"ఆస్ట్రేలియాది."

"స్కోరెంత?"

"నూట రెండు, తొంభై ఆరు," అన్నాడు మావయ్య వెంటనే.

సార్జెంటు ఆయన వంక చూశాడు. రేడియో మీట తిప్పాడు, కిక్కురుమనలేదు. అమ్మమ్మ వైపు తిరిగి, కణత దగ్గర వేలు తిప్పి, "ఎప్పటి నుంచి?" అన్నాడు.

అమ్మమ్మ చుట్ట తీసి తన వచ్చీరాని బర్మాలో జవాబిచ్చింది. "ముందర మోకాలు పోయింది. దాని ఎనక ఇది పోయింది."

అతను మావయ్య భుజం మీద ఓసారి చెయ్యి వేసి మెట్లు దిగిపోయాడు. మావయ్య కిటికీలోంచి, "ఇంకొక్క పాసు," అన్నాడు. కాసేపటికి, ఏమంత గట్టిగా కాకుండా, "గోలు," అన్నాడు.

అన్నయ్య బతికాడు. ఇప్పుడు థాయ్ సరిహద్దులో సైకిళ్ళ దుకాణం నడుపుతున్నాడు. మావయ్య మాత్రం పిచ్చివాడిగా ఉండిపోవలసి వచ్చింది. సైనికులు మిల్లులో చాలాకాలం ఉన్నారు. కిటికీ కింద నడిచే ప్రతివాడూ "స్కోరెంత?" అని కేకేసేవాడు, ఆయన ఏదో నోటికొచ్చిన అంకె విసిరేవాడు. మైదానం మళ్ళీ తెరిచినప్పుడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మతి లేనివాడికి బాకా ఇవ్వలేమని మిల్లు పెద్దమనిషి మర్యాదగానే చెప్పి, దాన్ని ఇంకొకడికి అందించాడు. నిజం చెపితే అన్నయ్యకి తలుపు తీసిన ప్రతి ఇల్లూ చిక్కుల్లో పడుతుంది. ఆయన చెప్పలేదు. గేటు దాకా వచ్చి, "ఈ కొత్తోడి గొంతు సన్నం, ఎనకోల్లకి ఇనబడదు," అని మాత్రం నాతో అన్నాడు. పోయేవరకూ మళ్ళీ ఒక్క ఆటా చెప్పలేదు.

ఇప్పుడు మిల్లు లేదు, మైదానం మీద ఓడల్లో వచ్చే ఇనప పెట్టెలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. మనవాళ్ళ పిల్లలకి తెలుగు అర్థమయీ అవనట్టుంటుంది, జవాబు బర్మాలో వస్తుంది. ఆ మేడ కిటికీలోంచి ఇవాళ ఎవరైనా లెఫ్ట్ వింగు కాళీ, బేగి పాసివ్వండర్రా అని అరిస్తే, ఏ తలుపూ తెరుచుకోదు. సందులో తలెత్తి చూసేది నేనొక్కదాన్నే.