పక్కింటివాళ్ళ పడుగు

నా చిన్నప్పుడు ఒక యుద్ధాన్ని నేనొక్కడినే ఆపాను. కత్తి పట్టి కాదు, ఒక్క మాటతో ఆపాను. అప్పటికి నాకు మీసం సంగతి దేవుడెరుగు, ముందరి పళ్ళు కూడా పూర్తిగా రాలేదు.

ఈ మాట మొన్న బెంగళూరు కుందలహళ్ళిలో మా మనవరాలి ఇంట్లో అన్నాను. టీవీలో యుద్ధం ఆగిన ఒక దేశం గురించి చెబుతున్నారు. చుట్టుపక్కల దేశాలవాళ్ళు పెద్ద బల్ల చుట్టూ కూర్చుని, ఆ దేశాన్ని మళ్ళీ నిలబెడతామంటున్నారు. ఒకరు రోడ్లు వేసిస్తామన్నారు. ఒకరు కరెంటు ఇస్తామన్నారు. ఇంకొకరు, అంతా సద్దుమణిగేదాకా మా సిపాయిలు అక్కడే ఉంటారన్నారు. అది విన్నప్పటి నుంచి నాకు కూర్చోబుద్ధి కాలేదు. బాల్కనీలోకి వెళ్ళాను, వచ్చాను, మంచినీళ్ళు తాగాను, మళ్ళీ వెళ్ళాను. మనవరాలు ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "కూచో తాతా, నువ్వేమన్నా పోయి సెటిల్ చేయాల్నా?" అంది. ఆ మాట నా పౌరుషానికి తగిలింది. అందుకే నా యుద్ధం సంగతి ఎత్తాను.

అప్పుడు తల ఎత్తింది. "ఏ యుద్ధం?"

దొరికిపోయాను. యుద్ధం అంటే మరీ యుద్ధం కాదు. రెండు దేశాలు కాదు, ఇద్దరు అన్నదమ్ములు. కానీ మా వీధికి అది యుద్ధమే. నమ్మండి.

అప్పుడు మేము కాడుగోడిలో ఉండేవాళ్ళం. ఈనాడు జనం మెట్రో దిగి పరుగులు తీసే ఆ దాపులనే, మా వీధిలో ఇంటింటా మగ్గం ఆడేది. నూలును మగ్గానికి ఎక్కించే ముందు పడుగుగా, అంటే నిలువు పోగులుగా, వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదది. ఏ ఇంటి పడుగైనా వీధంతా రావలసిందే. రెండు కొనల దగ్గర ఇద్దరు తాళ్ళు లాగి బిగువు నిలుపుతారు. తక్కినవాళ్ళు నడుమ నిలబడి కుంచెలు వేస్తారు. ఎండ ముదరకముందే ముగియాలి. నడుమ బిగువు సడలిందా, తడి పోగులు ఒకదాన్నొకటి అంటుకుని అట్టకట్టిపోతాయి. ఇక ఆ నూలు దీపం వత్తులకే.

మా పక్కింట్లో తండ్రి పోయాక కొడుకులిద్దరికీ మగ్గాల పంపకం దగ్గర మాట పెరిగింది. వాళ్ళను మేము పెద్దాయన, చిన్నాయన అనేవాళ్ళం. మాటలు తిట్లయ్యాయి, తిట్లు కర్రలయ్యాయి. ఒకనాడు ఇద్దరూ కలియబడి మగ్గాల పాకకు ఆసరాగా ఉన్న నడిమి గుంజను పెకలించారు. పాక కప్పు వాళ్ళిద్దరి నెత్తినా సమానంగా కూలింది. పంపకం అన్నది సరిగ్గా జరిగింది ఆ ఒక్కసారే.

నిజం చెప్పాలంటే ఆ మంటకు కట్టెలు మోసింది ఇరుగుపొరుగే. మా తాతయ్య పెద్దాయన పక్షం. వాళ్ళకు ఆవలి వైపు ఇల్లు ఒక మామది, ఆయన చిన్నాయన పక్షం. ఇద్దరూ న్యాయం కోసమే మాట్లాడుతున్నామనేవారు. వాళ్ళ మగ్గాలు ఆగితే ఆ పని మన మగ్గాలకు వస్తుందన్న ఆశ ఆ న్యాయంలో ఎంత పాలు కలిసిందో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

అయితే పక్కింటి పొగ మన ఇంట్లోకి రాకుండా ఏ గోడా ఆపలేదు. వాళ్ళ వాకిలి వీధికి నడిమధ్యన ఉండేది. ఎవరు పడుగు చాపినా అన్నో తమ్ముడో వచ్చి, మా వాకిట్లో పాతొద్దని పడుగుకు ఊతంగా పాతిన గూటాలు పీకేసేవాడు. నూలు ఇచ్చే వర్తకుడు, ఈ గలాటా వీధిలో అడుగు పెట్టనని రావడం మానుకున్నాడు. చివరకు మా మగ్గం కూడా ఆగింది. మా తాతయ్య రోజంతా ఇంట్లోకీ బయటికీ తిరిగేవాడు, చేతులు ఊరికే ఉండలేక నూలు చుట్టే ఖాళీ కండెలు తిప్పుతూ. ఆ కాళ్ళే నాకు వచ్చాయనుకుంటాను.

అప్పుడు మా అవ్వ రంగంలోకి దిగింది. పక్కిల్లు నిలబడితే తప్ప మన ఇల్లు నిలబడదని తాతయ్యకూ, ఆవలింటి మామకూ విడివిడిగా చెప్పి ఒప్పించింది. తాతయ్య గుంజలు ఇచ్చాడు. మామ కప్పుకు బోదగడ్డి ఇచ్చాడు. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు పని చేశారు. పాక లేచింది. లేచీ లేవకముందే సాయం చేసినవాళ్ళకు ఆశలు లేచాయి. పాకతో పాటు కూలిన గోడను మళ్ళీ కడుతూ తాతయ్య, మా వైపు ఒక చిన్న దారి వదిలితే ఎప్పుడన్నా చూసిపోవడానికి వీలుగా ఉంటుందన్నాడు. మామ, కప్పు నాది గనక మొదటి బట్ట నా బేరగానికే నేయాలన్నాడు.

అవ్వ తట్ట కింద పెట్టి నడుము మీద చేయి వేసుకుంది. "గోడ కడితే గోడ కట్టప్పా. వాళ్ళ గోడలో మన వాకిలి ఏంటికి?" అంది తాతయ్యతో. మామ వైపు తిరిగి, "నువ్వు గడ్డి ఇస్తివా, వాళ్ళను కొంటివా?" అంది. ఆ తర్వాత ఇద్దరూ కొన్నాళ్ళు అవ్వ ఉన్న వైపు రాలేదు.

ఇక మిగిలింది పడుగు. మా ఇంటి నూలు కొంత, మామ ఇంటి నూలు కొంత కలిపితే ఒక్క పడుగు వచ్చింది. అది నిలిస్తే వర్తకుడు మళ్ళీ వస్తాడు. చెడితే అన్నదమ్ములు మగ్గాలు అమ్ముకుని కె.ఆర్.పురం వైపు ఇటుక బట్టీలకు పోవడమే. చిన్నాయన భార్య అప్పటికే పుట్టింటికి మూట కట్టుకుని ఉందని వీధిలో అనుకునేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన ఆమె గొంతు అంతవరకు మాలో ఎవరూ వినలేదు.

ఆ ఉదయం ఎవరికీ కాలు నిలవలేదు. హొసకోటె వైపు మబ్బు పట్టి ఉంది, ఇటు చూస్తే ఎండ పొడుచుకొస్తోంది. రెండిట్లో ఏది ముందొచ్చినా చేటే. అవ్వ గంజి కాచింది. పెద్దాయన తూర్పు కొన పట్టాడు, చిన్నాయన రైలు స్టేషను వైపు కొన. వాళ్ళిద్దరికీ మధ్య వీధంతా ఉంది, మాట మాత్రం లేదు. తాతయ్య, మామ చెరొక పక్క కుంచెలు పట్టారు. మా అక్క తెగిన పోగులు అతుకుతోంది. నేను గంజి ముంతలు అందిస్తున్నాను.

సగం పని బాగానే సాగింది. అప్పుడు పెద్దాయన అందరికీ వినపడేలా, "ఆ పక్క పట్టు ఏడ ఉండాది? వానికి తెలిస్తే గదా!" అన్నాడు. చిన్నాయన చేతిలోని తాడు వదిలేసి అరుగు రాయి మీద కూర్చున్నాడు.

పడుగు కుంగింది. తడి పోగులు నడుమ ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. కుంచెలు ఆగిపోయాయి. గంజి ఆరుతోంది, మా కళ్ళముందే ఆరుతోంది. మామ కుంచె పడేసి చిన్నాయన కొన అందుకోవడానికి పరుగెత్తాడు. అది చూసి తాతయ్య, పెద్దాయనకు ఆసరాగా ఈ కొనకు పరుగెత్తాడు. మరుక్షణం చెరొక కొనా పొరుగువాళ్ళ చేతిలో ఉండేది.

సరిగ్గా అప్పుడే నేను గట్టిగా ఒక అరుపు అరిచాను. మనవరాలికి అలాగే చెప్పాను. "ఆ కొన ముట్టద్దు! వాళ్ళ పడుగు వాళ్ళనే పట్టుకోనీ!" అన్నాననీ, వీధంతా నిశ్చేష్టులై నిలబడిపోయారనీ చెప్పాను. పిల్ల నా వైపు ఒక చూపు చూసింది. ఎనిమిదేళ్ళవాడు అంత మాట అంటాడా అన్న చూపు. ఒప్పుకున్నాను. అరిచింది నేను కాదు, మా అవ్వ. "ఈ పొద్దు మీరు పట్టుకుంటే రేపూ మీరే పట్టుకోవల్ల. పొరుగోళ్ళ చెయ్యి నడిమధ్యనే ఉండల్ల," అని కూడా అంది.

మామ ఆగాడు. తాతయ్య ఆగాడు. పరుగెత్తి పట్టుకోవాలని చేతులు జివ్వుమంటుంటే పట్టుకోకుండా నిలబడటం ఎంత కష్టమో ఆ ఇద్దరి ముఖాల్లో చూశాను. ఎంతసేపో తెలియదు. చివరకు చిన్నాయన లేచి తాడు అందుకున్నాడు, కానీ పడుగు తూర్పుకు జారిపోయి, బిగించడానికి ఇటు తాడు చాల్లేదు. అప్పుడు పెద్దాయన, ఎప్పుడూ ఎవరికీ ఏదీ వదలని పెద్దాయన, తన వైపు తాడు ఒక జానెడు వదిలాడు. పడుగు నిదానంగా పైకి లేచింది. "లాగరా, ఇంగా లాగు," అన్నాడు. చాలా నెలల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది. మేము కుంచెలకు పరుగెత్తాం. మబ్బు మీద పడేలోపు పడుగు ఆరింది.

ఆ రోజు నుంచి నాలో ఒక అలవాటు మిగిలింది. ఎవరి ఇల్లు తగలబడినా, ఎవరి కాపురం కుంగినా ముందుగా పరుగెత్తేది నేనే. ఈ కాళ్ళు ఆగవు. వెళ్ళాక మాత్రం నా చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకుంటాను. నడుమనే ఉన్నాయా, లేక కొనలకు పాకాయా? టీవీలో ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళను చూసి నాకు నిలకడ లేకపోయింది కూడా అందుకే. రోడ్డు వేయండి, దీపం పెట్టండి, నూలు ఇవ్వండి. కాలిన దేశం పొగ మీ ఇళ్ళలోకీ వస్తుంది గనక మీరు రావలసిందే. అయితే ఆ సిపాయిలు ఎన్నాళ్ళుంటారన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ దేశంవాళ్ళు బల్ల దగ్గర ఏ మూల కూర్చున్నారో ఎంత వెతికినా నాకు కనపడలేదు.

ఇదంతా రాసి, కె.ఆర్.పురంలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా విని, తొక్కలు పక్కకు నెట్టింది.

"ఎవరు చెప్పినారప్పా నీకు ఇది? అవ్వ ఆ మాట అననే లేదు. ఆ కొన పట్టుకునేకి అందరికన్నా ముందు పరిగెత్తింది అవ్వనే. అడ్డం నిలబడింది ఆ ఇంటి చిన్నకోడలు. 'మీరు రావద్దవ్వా, ఇది మా పడుగు' అనింది. మొగుని చేతికి తాడు ఇచ్చి, వీధంతా నడిచిపోయి, జానెడు వదులు బావా అని అడిగింది ఆమెనే. మనోళ్ళు సుమ్నే, ఊరికే చూస్తా నిలబడినారు, అంతే. ఇంగ నువ్వు గంజి ముంతలు యాడ అందిస్తివి? నువ్వు నిద్ర లేసేతలికి పడుగు చుట్టి లోపల పెట్టేసినారు."