ఓటు పడ్డాకే మూత

గుండిగ మూత సందులోంచి లవంగాల వాసన తోసుకొస్తోంది. ఐస్ రింక్ పక్కనున్న ఈ ఊరి హాల్లో దానికి తోడు తడిసిన స్నో బూట్ల వాసన, ఎప్పుడో కాచి అలాగే ఉంచేసిన కాఫీ వాసన. మా కో-ఆప్ వార్షిక సమావేశం జరిగే ఆదివారం ఏటా ఇదే వాసన. కళ్ళు మూసుకుంటే సలోమి ఆంటీ ఇక్కడే ఉన్నట్టుంది. చీర మీద స్వెట్టర్, స్వెట్టర్ మీద ఏప్రన్, చేతిలో గరిటె. కళ్ళు తెరిస్తే ఆ గరిటె నా చేతిలో ఉంది. ఆవిడ లేకుండా జరుగుతున్న మొదటి మీటింగ్ ఇది. పలావు ఆవిడ నేర్పినట్టే వండాను. అయినా ఉప్పు పిసరంత తక్కువైందని నాకు తెలుసు. ఆంటీ ఉంటే ఊరుకునేదా!

మీరెవరూ ఆవిడను చూడలేదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. సస్కటూన్ సిటీ దాటి గోధుమ పొలాల మధ్య చాలాసేపు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊరు మాది. ఒక బడి, రెండు చర్చిలు, ముసలివాళ్ళ కేర్ హోమ్, ఒకే ఒక్క పచారీ కొట్టు. ఆ కొట్టే కో-ఆప్. దానికి షావుకారంటూ ఎవరూ లేరు. మెంబర్లుగా చేరినవాళ్ళంతా యజమానులే. ఎవరికి ఎంత పొలం ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు. ఆంటీ నరసాపురం నుంచి కేర్ హోమ్‌లో నర్సుగా వచ్చి, ఇక్కడే రిటైరై, ఆ కో-ఆప్ బోర్డుకు ప్రెసిడెంటయింది. నేను కరీంనగర్ నుంచి సస్కటూన్‌కు చదువుకోవడానికి వచ్చి, ఆ తర్వాత ఇక్కడే శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ కోసం ఈ ఊరి కొట్టులో క్యాషియర్‌గా చేరాను. ఆ చలిలో, ఆ ఒంటరితనంలో తెలుగు మాట వినబడితే చాలనుకునే రోజులవి. వినబడిన మాట మాత్రం నేను కోరుకున్నంత మెత్తగా లేదు.

మొదటిసారి కలిసిన రోజు ఆంటీ కౌంటర్ మీద ఫ్రోజెన్ బెండకాయలు పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి, నా బ్యాడ్జి మీద పేరు చదివి అడిగింది. "ఏమ్మా శిరీషా, మెంబర్‌షిప్ తీసుకున్నావా?"

"నాకెందుకు ఆంటీ? నేను పని చేసేదాన్ని గద. ఓనర్‌నా ఏంది?"

"మరి ఓనరెవరు?"

"మేనేజర్ సార్."

"ఆయనా నీలాగే జీతానికి చేసేవాడే. విను. మా అమ్మ లేసు అల్లేది. ఊళ్ళో లేసు సొసైటీలో మెంబరు, పేరుకే. మీటింగంటే ఓ పెద్దాయన ఇంటి ముందు కింద కూర్చోడం, ఆయన ఎటు చూస్తే అటు తలూపడం. మా అమ్మ చెయ్యెత్తగా నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వూ అలా తలూపుకుంటూనే బతుకుతావా?"

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. పరిచయమైన రోజే ఇంత మాటా! నేనెందుకు తలూపుతానని లోపల్లోపల గొణుక్కుంటూనే ఆ సాయంత్రం సంతకం పెట్టి మెంబరునయ్యాను. రోషంతో చేసిన మంచి పనులు నా జీవితంలో చాలానే ఉన్నాయి, అది మొదటిది.

ఆ చలికాలమే కొట్టుకు గండం వచ్చింది. కూలర్లు పాతబడి పాలు విరిగిపోతున్నాయి. పైకప్పు కారుతోంది. కార్లున్నవాళ్ళు సిటీకి పోయి సరుకులు తెచ్చుకుంటున్నారు. మూసేద్దామనేవాళ్ళు, బాగు చేసుకుందామనేవాళ్ళు అని ఊరు రెండుగా చీలింది. మూస్తే నా ఉద్యోగం పోతుంది, దాంతోపాటే పీఆర్ ఆశ కూడా. కారు నడపలేని ముసలివాళ్ళకు రొట్టె ముక్క కొనుక్కునే చోటుండదు. మూసేద్దామనే పక్షానికి నాయకుడు వాల్టర్. గోధుమ రైతు, తాటిచెట్టంత మనిషి, నోరు తెరిస్తే హాలు దద్దరిల్లేది. చెడ్డవాడు కాదు. కారే కప్పు కింద ఎన్నాళ్ళు గిన్నెలు పెట్టుకుంటూ కూర్చుంటామని ఆయన వాదం. ఏదైనా మీటింగులో మెంబర్లే తేల్చాలి. తేల్చాలంటే కోరం ఉండాలి, అంటే ఓటు వేసే సమయానికి హాల్లో కావలసినంత మంది కూర్చుని ఉండాలి.

ఏటా మీటింగులో కాఫీ, బిస్కెట్లే. జనం పెద్దగా వచ్చేవాళ్ళు కాదు. "భోజనం పెడితే ఎందుకు రారో చూస్తా" అని ఆంటీ అటకెక్కించిన గుండిగను దింపింది. కోడి పలావు, పెరుగు పచ్చడి. వచ్చారు, హాలు నిండిపోయింది. కేర్ హోమ్‌లో పని చేసే మనవాళ్ళు, ఫిలిపినో కుటుంబాలు, చుట్టుపక్కల రైతులు. ఆకలితో వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి రిపోర్టులు చదవడానికి ఆవిడకు మనసొప్పలేదు. "ముందు నాలుగు మెతుకులు తిననివ్వండి, మీటింగ్ ఎక్కడికి పోతుంది!" అంది. అక్కడే మునిగాం. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, పెళ్ళయినా పేరంటమైనా చెయ్యి కడుక్కున్నామంటే అక్కడ మన పనైపోయినట్టే. "పలావు అదిరింది ఆంటీ, వస్తాం ఆంటీ" అంటూ పిల్లలకు జాకెట్లు తొడిగారు. వాళ్ళు లేచేసరికి మీటింగ్ అయిపోయిందనుకుని మిగతావాళ్ళూ లేచారు. బయట వరసగా కార్లు స్టార్టవుతున్నాయి. సెక్రటరీ తలలు లెక్కపెట్టి కోరం లేదన్నాడు. నెల తిరిగేలోగా ఇంకో మీటింగ్ పెట్టాలి. అప్పుడూ తేలకపోతే కొట్టు ఇక నడవడం కష్టం.

అందరూ వెళ్ళాక ఆంటీ హాలు వంటింట్లో గుండిగ తోముతూ కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, పీచు మాత్రం అరిగిపోయేలా రుద్దింది.

"మర్యాద చేశాననుకున్నానే. నా చేత్తో నేనే వడ్డించి, నేనే సాగనంపాను."

"పోనీలే ఆంటీ. ఈసారి ఫుడ్ లేకుండ పెడదం."

"ఎందుకు లేకుండా? పెడతాను. కానీ ఓటు పడ్డాకే మూత తీస్తాను. ఎవరొచ్చి అడిగినా సరే."

ఆ నెలంతా ఆవిడకు డ్రైవర్ని నేనే. రోజూ కొట్టులో పని అయ్యాక, సెలవు రోజుల్లో, ఇంటింటికీ. కనురెప్పల మీద మంచు పేరుకునే చలి. నాలాంటిది కార్లోంచి దిగనని మొరాయిస్తుంటే ఆవిడ అప్పటికే ఎవరిదో తలుపు కొడుతూ ఉండేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అన్నిళ్ళూ అయ్యాక ఒక సాయంత్రం వాల్టర్ పొలం వైపు తిప్పమంది. నాకు ఓపిక చచ్చిపోయింది. "ఆయన మనకు ఎదురు ఓటేస్తడు ఆంటీ! పిలిచి మరీ ఓడిపోదమా?" అని అరిచినంత పని చేశాను. ఆవిడ సీటు బెల్టు విప్పుకుని దిగిపోయింది. చేసేదిలేక నేనూ వెనకాలే వెళ్ళాను.

వాల్టర్ గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో నవ్వాడు. "వస్తాను సలోమీ. వచ్చి నీ తీర్మానాన్ని ఓడిస్తాను."

"రండి. మీరూ ఆ కొట్టుకు యజమానే. పిలవాల్సినవాళ్ళని పిలవకుండా గెలిస్తే అది గెలుపు కాదు" అంది ఆంటీ. ఆయన నవ్వు ఆగింది. తలుపు బార్లా తెరిచి, లోపలికొచ్చి చేతులు వెచ్చబెట్టుకోమన్నాడు.

రెండో మీటింగ్ రోజు గుండిగ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది ఆంటీ. మూత మీద ఒక చెయ్యి. పలావు వాసనకు హాల్లో అందరి కడుపులూ కాలుతున్నాయి. పిల్లలు గోల పెడుతున్నారు. వాల్టర్ లేచి గంభీరంగా మాట్లాడాడు, ఆయనకు జవాబుగా ఇంకో ఇద్దరు. కేర్ హోమ్‌లో పని చేసే ఒక తెలుగబ్బాయి మెల్లగా వచ్చాడు. "ఆంటీ, షిఫ్ట్ ఉంది. ఒక్క బాక్స్‌లో పెట్టివ్వరా?"

"పెడతాను నాయనా. ఓటేసి పట్టుకెళ్ళు."

కొట్టు బాగుచేయాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు సెక్రటరీ. నేను ఎత్తాను. ఎత్తానంటే, భుజం దాకా. ముందు వరసలో మేనేజర్, పక్క వరసలో రోజూ నా కౌంటర్‌కొచ్చే రైతులు, అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. అప్పుడు హాలు ఆ మూలనుంచి తెలుగులో కేక. "పూర్తిగా ఎత్తవే శిరీషా! గోడ మీద పిల్లిలాగా ఆ సగం చెయ్యేంటి?" తెలుగు వచ్చినవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోతూ, చెవులు కాలుతుండగా, చెయ్యి మొత్తం ఎత్తాను. నలుగురిలో ఒక విషయం మీద నా మొహం చూపించి నిలబడటం అదే మొదలు. తీర్మానం నెగ్గింది. కొట్టు నిలిచింది.

వాల్టర్ కోటు తీసుకుని తలుపు వైపు నడిచాడు. ఆంటీ గరిటెతో సహా వెళ్ళి అడ్డంగా నిలబడింది. "ఓడినవాళ్ళు ఆకలితో పోవాలని మన రూల్స్‌లో ఎక్కడుంది?" అని చెయ్యి పట్టి వెనక్కి తెచ్చింది. మొదటి ప్లేటు ఆయనకే వడ్డించింది. ఆనాటినుంచి మా హాల్లో అదే ఆనవాయితీ. ముందు ఓటు, తర్వాత మూత. మొదటి ప్లేటు ఓడినవాళ్ళకు. కొత్త కూలర్లు వచ్చిన రోజు లారీ మంచులో కూరుకుపోతే ట్రాక్టర్ తెచ్చి లాగింది వాల్టరే.

తర్వాత కొన్నేళ్ళకు నాకు పీఆర్ వచ్చింది. పాత మేనేజర్ వెళ్ళిపోతే బోర్డు నన్ను మేనేజర్‌ని చేసింది. అప్పుడే కొట్టు పక్క ఖాళీ గదిలో బీరు, విస్కీ అమ్మే మందు షాపు పెట్టాలన్న తీర్మానం వచ్చింది. మందు కోసం పక్క టౌనుకు పోయేవాళ్ళు సరుకులూ అక్కడే కొనుక్కొస్తున్నారు. అది ఆగితే తప్ప కొట్టు మళ్ళీ నిలదొక్కుకోదని నాకు స్పష్టంగా తెలుసు. ఆంటీ బాప్టిస్టు, మందు పాపమనే చర్చి మనిషి. "మనం నిలబడటానికి ఇంకొకళ్ళ సంసారం ఎందుకు కూలాలి?" అని మీటింగులో సూటిగా అడిగింది. ఆ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. నన్ను నిలబెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. షాపు పెట్టాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. చెయ్యెత్తాను. ఈసారి సగం ఎత్తలేదు. ఆవిడ నావైపే చూస్తోంది.

ఆవిడ పక్షం ఓడింది. అంటే మొదటి ప్లేటు ఆవిడదే. ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకుని నేనే వడ్డించాను. కొంత పలావు బల్ల మీద పడింది.

"ఆంటీ, కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఎందుకు రాదు!" అని ప్లేటు అందుకుంది. గొంతు తగ్గించింది. "పూర్తిగా ఎత్తావు. చూశాను. మా అమ్మ ఆ పెద్దాయన ముందు ఒక్కసారి అలా ఎత్తుంటే ఎంత బాగుండేదో అనిపించింది." నేను ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. "కళ్ళు తుడుచుకుని వడ్డించు, జనం లైన్లో ఉన్నారు. షాపు మూసెయ్యాలని వచ్చే ఏడు తీర్మానం పెడతాను, కాచుకో" అంది.

అన్నట్టే పెట్టింది. ఆ ఏడాదే కాదు, ప్రతి ఏడాదీ. బీరు ప్రియుడైన వాల్టర్ ప్రతి ఏడాదీ ఎదురు మాట్లాడేవాడు. ప్రతి ఏడాదీ ఆవిడ ఓడిపోయి, మొదటి ప్లేటు తీసుకుని, ఆయన పక్కనే కూర్చుని తినేది. విసుగు రాదా ఆంటీ అంటే, "ఓడిపోయే హక్కు కూడా మెంబరుకు ఉంటుందే" అనేది. మొన్న ఆకులు రాలే రోజుల్లో, తను నర్సుగా చేసిన కేర్ హోమ్‌లోనే, నిద్రలోనే వెళ్ళిపోయింది. చర్చిలో వాల్టర్ చిట్టచివరి వరసలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇవాళ అజెండాలో ఉన్నవన్నీ అయిపోయాయి. ఇంకేమైనా తీర్మానాలున్నాయా అని కొత్త ప్రెసిడెంటు అడిగింది. ఏటా ఆంటీ లేచే క్షణం అదే. ఎవరూ కదల్లేదు. ఇక ముగిద్దామని ప్రెసిడెంటు కాగితాలు సర్దుతుండగా ముందు వరసలో వాకర్ కిర్రుమంది. వాల్టర్ లేస్తున్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

"మందు షాపు మూసెయ్యాలని తీర్మానం పెడుతున్నాను" అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. "నేను దీనికి ఎదురే ఓటేస్తాను. కానీ పిలవాల్సినవాళ్ళని పిలవకుండా గెలిస్తే అది గెలుపు కాదని ఆవిడ నా గుమ్మంలో నిలబడి చెప్పింది."

బలపరిచేవాళ్ళు ఎవరని అడిగారు. "నేను" అన్నాను, మూత మీద చెయ్యి తియ్యకుండానే.

అనుకూలంగా కేర్ హోమ్ నుంచి వచ్చిన ముసలమ్మలు, బాప్టిస్టు పాస్టరుగారు చేతులెత్తారు. వ్యతిరేకించేవాళ్ళు అనగానే వాల్టర్ వాకర్ వదిలేసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. కళ్ళ నీళ్ళలో హాలంతా మసకగా ఉంది. చెయ్యి మాత్రం పూర్తిగా పైకి ఉంది. తీర్మానం ఎప్పటిలాగే ఓడిపోయింది.

మూత తీశాను. ఆవిరి కమ్మేసింది. మొదటి ప్లేటు ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాను. వాల్టర్ ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి ప్లేటు చాచాడు. "తీర్మానం పెట్టింది నేను. ఈసారి ఓడింది నేను కదా!"

వడ్డించాను. అక్కడే నిలబడి ఒక ముద్ద తిని, నమిలి, నావైపు చూశాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"తెలుసు వాల్టర్" అన్నాను. "వచ్చే ఏడు సరిగ్గా వేస్తాను. తీర్మానం కూడా నేనే పెడతాను."