రెండు రోజులు నిలిచిన బోర్డు

చేతిరాత పద్దుల పుస్తకాలు అటకెక్కి, లెక్కలన్నీ కంప్యూటరు తెరమీదికి చేరి, ఏ వృత్తివారైనా తమ గొప్పను తామే వీధివీధినా చాటుకొనడం రివాజైన ఈ కాలంలో, ఇరవై ఆరేళ్లుగా తన పేరు, తన అర్హత తప్ప గోడమీద మరొక అక్షరం రాయించని ఆడిటరమ్మ ఒకరు మా వీధిలో ఉన్నారు. ఆత్మస్తుతి దోషమని పెద్దలు చెప్పగా విన్నదే. అది ఒక వృత్తికి కట్టుబాటుగా కూడా ఉంటుందని ఆమెవల్లనే తెలిసింది.

నిరుడు ఆమె మెట్లకింది ఇరుకు గది విడిచి ఎదుటి మేడమీద రెండు గదులు తీసుకున్నారు. ఆడిట్ పనిమీద ఒక మిల్లుకు వెళ్లి రెండు రోజులు అక్కడే ఉండిపోగా, బోర్డులు రాసే పనిలో ఉన్న తమ్ముడు అక్కను సంబరపెట్టాలని నిలువెత్తు రేకు తగిలించాడు. "పన్నుల చిక్కులకు ఒకే ఒక్క దారి! నమ్మకానికి మారుపేరు!" అని ఎర్రటి అక్షరాలు.

తిరిగివచ్చిన ఆమె చేతిసంచీ దించకుండానే నిచ్చెన తెప్పించి, తమ్ముడిచేత పట్టించి, ఆ రేకు దింపించారు.

"ఏంట్రా ఇది? మేం ప్రకటనలు చేసుకోకూడదు. సర్టిఫికెట్ ఊడుతుంది."

"తీసేశాంగా అక్కా! ఎవరూ చూడలేదులే."

"నేను చూశానుగా."

ఆ సాయంత్రమే ఆమె జరిగినదంతా తమ వృత్తి మండలికి రాసి పంపారు. తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు.

"నీమీద నువ్వే ఫిర్యాదు చేసుకుంటావా? బావతో చెప్తానుండు!"

"కవరు అంటించింది మీ బావేరా."

మరునాడు బట్టల కొట్టు యజమాని ఒకరు మెట్లెక్కి వచ్చారు.

"నిన్న ఇంత బోర్డు చూశానమ్మా, ఇవాళ లేదేంటి? మా కొట్టు లెక్కలు మీకే అప్పజెప్దామని వచ్చా."

కొత్త గదుల్లోకి పని తెచ్చిన మొదటి మనిషి ఆయనే. అయినా ఆమె మరి ముగ్గురు ఆడిటర్ల చిరునామాలు రాసిచ్చి, మర్యాదగా సాగనంపారు. ఆ బోర్డు తెచ్చిన పని ఆమెకు అక్కరలేదట!

జవాబుకు అయిదు వారాలు పట్టింది. సంతకం చేసే అధికారమే పోతుందేమోనని, పోస్టుమాన్ గొంతు వినబడినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడేవారు. తీరా వచ్చిన కాగితంలో ఉన్నది ఒక మందలింపు మాత్రమే.

మర్నాడు తమ్ముడు జానెడు పలక తెచ్చాడు.

"పేరు, అర్హత, అంతే. మూలన ఒక్క పువ్వు వెయ్యనా అక్కా?"

"ఏ పరీక్ష పాసయ్యానని రా, ఆ పువ్వు?"

ఆ పలక రంగు వెలియకుండుగాక! ఆ సంతకానికి మచ్చ రాకుండుగాక! నిచ్చెన పట్టిన తమ్ముడితో, కవరంటించిన భర్తతో ఆ తల్లి ఇల్లు నిండు నూరేళ్లు చల్లగా వర్ధిల్లుగాక!