ఉమ్మెత్తా? ముద్రబెండా?

సౌదీలో, అల్ ఖర్జ్‌లోని పాడి ఫారంలో పాలు పితికే యంత్రాలు చూసుకునే ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. షెడ్ల వెనక కాలువ గట్టున, మట్టి తవ్వి పోసిన చోట, నాకంటే ఎత్తుగా ఏడెనిమిది మొక్కలు పెరిగాయి. అక్కడ పంపు నడిపే జగిత్యాల అతనికి అవంటే ప్రాణం. నాతోపాటే వచ్చాడు. అరబ్బీ ఇద్దరికీ అంతంతమాత్రమే.

ఒకరోజు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు.

"సార్, మన సూడాన్ మేనేజరు ఇయ్యి దతూరా అంటున్నడు. ఉమ్మెత్తనట! ఆవులు తింటే సస్తయట. నాలుగింటికి మిషను పెట్టి పీకిస్తడట. జర సూడుండ్రి సార్!"

నేను చదివింది యంత్రాల చదువు. అయినా వెళ్లాను. ఆకు హృదయాకారంలో ఉంది, మెత్తగా మఖమల్‌లా ఉంది. నలిపితే ఉమ్మెత్త కంపు రాలేదు. మొగ్గలన్నీ ముడుచుకునే ఉన్నాయి. పువ్వు చూడనిదే ఏం చెప్పను?

మూడింటికి అతనితో కలిసి మళ్లీ వెళ్లాను. గట్టంతా పసుపుపచ్చటి పూలు విచ్చుకున్నాయి! వాటి కింద, పొద్దున నా కంటికి ఆననే లేదు, పళ్లచక్రాల్లాంటి ఎండుకాయలు!

"ముద్రబెండ! ఒరే, ఇది ముద్రబెండ!" అని ఎగిరి గంతేశాను. చిన్నప్పుడు ఆ కాయను సిరాలో ముంచి నోటుబుక్కు నిండా ముద్రలు కొట్టి, అయ్యవారి చేత తన్నులు తిన్నవాణ్ణి. మా గుంటూరు ముద్రబెండ పువ్వు మధ్యలో ఇక్కడి పూలకున్న ఈ ముదురు మచ్చ ఉండదు. అదే కాకపోయినా దాని మేనత్త కూతురై ఉంటుంది. ఆనందం పట్టలేక అతన్ని వాటేసుకున్నాను.

నాలుగింటికి మేనేజరు పీకివేత కాగితం పట్టుకుని వచ్చాడు. వెనక కొంత దూరంలో మిషను. వచ్చీరాని అరబ్బీలో "దతూరా కాదు, ముళ్లకాయ లేదు" అని గోల చేశాను. అంతటితో ఊరుకోక, కాయను తడిమట్టిలో అద్ది అతని కాగితం మీదే ఠపీమని కొట్టాను. చక్కటి చక్రం పడింది.

మేనేజరు పగలబడి నవ్వాడు. "ఖతం! ఖతం!" అంటూ మిషను వైపు నడిచాడు.

"ఖతమా సార్?" జగిత్యాల అతని మొహం పాలిపోయింది. ఇద్దరం విన్నది ఒకటే: అయిపోయింది.

"మిషను కింద నలుగుడెందుకు, ఒక్కటన్న రూము కాడ పెట్టుకుంట," అంటూ గట్టు మీదికి దూకి, పెద్ద మొక్కను రెండు చేతులా పట్టి వేళ్లతో సహా పెకలించాడు.

అప్పుడే మిషను వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మేనేజరు కంగారుగా మా వైపు పరిగెత్తుకొస్తూ, "నో, నో! ఖతం, స్టాంప్! స్టాంప్!" అని అరచేతి మీద పిడికిలితో గుద్ది చూపిస్తున్నాడు. వాళ్ల భాషలో ఖతం అంటే ముద్ర.

జగిత్యాల అతను మొక్కను మళ్లీ గుంటలో నిలబెట్టి గబగబా మట్టి అదుముతున్నాడు.

"బతుకుతదా సార్?"

"బతుకుద్ది! నీళ్లు పొయ్యి, నీళ్లు!" అని అరుస్తూ నేనూ కాలువలోంచి దోసిళ్లతో తోడుతున్నాను. పూలు అప్పటికే వాలిపోతున్నాయి.