తెగని వెంట్రుక

కొత్తగూడెం క్వార్టర్సులో మా పక్కింటి ఖాలా జడ పండుమిరపకాయ రంగులో ఉండేది. జుట్టు ఎప్పుడో నెరిసిపోతే, గోరింటాకు పెట్టి ఎర్రగా చేసుకునేది. ఎవరైనా జుట్టు సంగతి అడిగితే దువ్వెనలో చిక్కిన వెంట్రుక తెమ్మని, తడిపి, రెండు చేతుల వేళ్లతో సాగదీసి చూడటం ఆవిడ అలవాటు. తెగితే, "మొదలు నూనె పెట్టు, తర్వాత రా," అని పంపించేసేది.

నాకు ముప్పై దాటకుండానే తెల్లవెంట్రుకలొచ్చాయి. చెల్లెలి పెళ్లికి పెనుబల్లి వెళ్లాలి. బజారు రంగు వేసుకుంటే నెత్తి మండి పొక్కులొచ్చాయి. అవి మానాక వెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాను. మట్టి మూకుడులో ఆకుపొడి వేసి, టీ డికాషన్, నిమ్మరసం పోసి కలిపింది. "ఇనుప బాండీల నానబెడితే ఎరుపు చస్తది బేటీ," అంది. నేను తెలిసినదానిలా తలూపాను. నా నల్లజుట్టులో ఎరుపు ఎక్కడ కనబడుతుందిలే అనుకున్నాను.

నిజంగానే నల్లవి నల్లగానే ఉన్నాయి. తెల్లవి మాత్రం ఒక్కటీ తప్పకుండా నిప్పుల్లా వెలిగాయి. పెళ్లికొచ్చినవాళ్లు పెళ్లికూతురి కంటే ముందు నా నెత్తినే తీరిగ్గా చూశారు.

తిరిగొచ్చి ఖాలాతో పోట్లాటకు దిగాను. ఆవిడ నా భుజమ్మీది ఎర్ర వెంట్రుక తీసి, తడిపి, సాగదీసింది. తెగలేదు.

"మంచిగనే ఉంది కద. దాచుకునేటందుకు నా దగ్గరికి ఎందుకొచ్చినవ్? నేను కనబడాలనే పెట్టుకుంట."