పెన్సిల్ మాట

కొట్టులో కొత్త అరలు బిగించడానికి వచ్చిన వడ్రంగి మొన్న ఉలితో పెన్సిల్ చెక్కాడు. ఆ వాసన తగలగానే చేతిలోని స్టీలు గిన్నె కింద పెట్టేశాను. అది దీనమ్మ టీచర్ గది వాసన. ఆ గదిలో ఎప్పుడూ రెండే వాసనలు ఉండేవి. ఒకటి పురుగు పట్టకుండా నిఘంటువులో దాచిన ఎండు వేపాకుది, రెండోది అప్పుడే చెక్కిన పెన్సిల్‌ది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ వాసనకి నాలో ముందు లేచేది దుఃఖమే అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ముందు లేచేది కుళ్ళు. దుఃఖం దాని వెనకాల నెమ్మదిగా వస్తుంది.

మాది రాజాంలో స్టీలు సామాన్ల కొట్టు. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం గల్లాపెట్టె పక్కనే పెరిగాం. మేడ మీది గదిని దీనమ్మగారికి అద్దెకిచ్చాం. మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరై, రాష్ట్రం విడిపోయిన ఏడు వచ్చారామె. సామానంతా ఒక్క రిక్షాకి సరిపోయింది. నిఘంటువుని మాత్రం రిక్షా ఎక్కనివ్వలేదు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని నడిచొచ్చారు. మూడు కిలోలకి తక్కువుండదు. తూచకుండానే చెప్పగలను, మా ఇంట్లో పాలతో పాటు పట్టేది ఆ విద్యే.

ఆ పుస్తకానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకున్నారు. అచ్చులో లేని మాట ఎవరి నోటైనా వింటే, అంచున పెన్సిల్‌తో రాసి, పక్కన చెప్పిన మనిషి పేరు రాసేవారు. అదే మాట మరొకరి నోట, ఎవరూ అడక్కుండా వినబడిన రోజున, పెన్సిల్ గీతల మీద సిరాతో దిద్దేవారు. "ఒక నోట వింటే మాట వాళ్లది, రెండో నోట వింటే ఊరిది," అనేవారు.

ఆ అంచుల నిండా ఒకటే పేరు, రాములమ్మ. మా కొట్టు మెట్ల పక్కన గోనె పరిచి కూరగాయలమ్మే మనిషి. అక్షరం రాదు. ఆమె నోరు తెరిస్తే చాలు, టీచర్ పెన్సిల్ పట్టుకుని మెట్లు దిగేవారు. ఒకనాడు రాములమ్మ, "గోర్జిలోంచి నడిసొచ్చీసరికి కాళ్లకి ముళ్లు దిగిపోనాయమ్మా," అంది. టీచర్ పైకెళ్లి వెతికి, సంబరంగా తిరిగొచ్చారు.

"ఇంత లావు పుస్తకంలో గోర్జి లేదు రాములూ!"

"నేకపోడమేటి? పొలాల మద్దిన, కంచిల సందున దారి నేదేటి? మనం నడవట్నేదేటి?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను పుట్టినప్పటినుంచీ వింటున్న మాట అది. నన్నడిగితే చెప్పనా? నన్నెవరూ అడగలేదు. పేరు రాములమ్మకి పోయింది.

అక్కడినుంచి నాకు నిద్రాహారాలు సరిగ్గా లేవు. నా పేరు ఆ పుస్తకంలోకి ఎక్కాలి. మా వ్యాపారం మాటలు ఒక్కొక్కటే పట్టుకెళ్లాను. తీరా చూస్తే అన్నీ అచ్చులో ఉన్నాయి. ఇక విసిగి, ఒక మాట నేనే తయారుచేశాను.

"కొనే ఉద్దేశం లేకుండా కొట్టంతా ధరలడిగి పోతారు చూడండి, దాన్ని మా కొట్టోళ్లలో ఊరకడుగు అంటారండీ."

ఆమె నా మొహంలోకి చూశారు. "మీ తాతగారు అనేవారా?"

"ముత్తాత కూడా అనేవాడండి."

బేరంలో నా జబ్బే అది. అడిగినదానికంటే ఎక్కువ చెప్పేస్తాను. అయినా ఆమె రాశారు, 'ఊరకడుగు, శేఖరం' అని. పెన్సిల్‌తో.

ఇక రెండో నోరు కావాలి. పాత ఖాతాదార్లకి రహస్యంగా చెప్పాను, టీచర్ మెట్లు దిగేటప్పుడు ఆ మాట అంటే గరిటె ఉచితమని. సాలూరు లారీ డ్రైవరొకడు టిఫిన్ క్యారియర్ చేతబట్టుకుని, ఆమె కనబడగానే నాటకంలో రాజులా అరిచాడు. "నాది ఊరకడుగు కాదు బాబూ, నిజంగానే కొంతన్నాను!" ఆ వెంటనే నా వైపు తిరిగి, "సరిగ్గా అన్నానా? గరిటేదీ?" అన్నాడు. గోనె మీద రాములమ్మ నవ్వలేక వంకాయల మీద వాలిపోయింది.

సాయంత్రం టీచర్ పైకి పిలిచారు.

"ఒరే శేఖరం, మాటకి గరిటె లంచమిచ్చిన షావుకారువి నువ్వొక్కడివే అయ్యుంటావురా."

"చెరిపేయండి టీచర్‌గారూ."

"చెరపను. రేపు ఎవరికైనా అవసరం పడొచ్చు. పెన్సిల్‌లో ఉండనీ."

సిగ్గు విడిచి అడిగేశాను. "మరి రాములమ్మవన్నీ సిరాలోనే ఎందుకున్నాయండీ?"

ఆమె పెన్సిల్ ములుకు వేలితో తడిమి చూసుకున్నారు. "నువ్వు వచ్చినవాళ్ల సంచీ చూస్తావు. అది వాళ్ల మాట వింటాది. అంతేరా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాటినుంచి మనుషుల చేతుల్ని కాక నోళ్లని చూడడం మొదలుపెట్టాను. శృంగవరపుకోట నుంచి బేరానికొచ్చే అమ్మ ఒకలా, సాలూరు లారీ డ్రైవరు మరోలా మాట్లాడతారని నాకు తెలిసింది అప్పుడే.

టీచర్ పోయాక, ఆమె రాసి పెట్టిన వీలునామా కాగితం తెరిచారు. నిఘంటువు రాములమ్మకట! అద్దె గది నాది, మెట్లు నావి, ఆఖర్న ఆస్పత్రికి తీసుకెళ్లిన ఆటో నేను పిలిచింది. వారం తిరక్కుండా రాములమ్మ ఇంటికి వెళ్లాను.

"సదవనేవు కదా, నీకెందుకు రాములమ్మా? పెద్ద స్టీలు బిందె ఇస్తాను. సరే, రెండు."

"బిందె నాకూ ఉన్నాది బాబూ. ఇది నీకు ఉన్నాదా?" అని, నా మొహం చూసి జాలిపడింది. "సదవడం వచ్చినోడివి, ఆదివారం ఆదివారం వచ్చి సదివి ఎల్లు."

అలా రెండేళ్లుగా ఆమె మాటల్ని ఆమెకే చదివి వినిపిస్తున్నాను, లోపల ఉడుకుతూనే. నా మాట వచ్చిన పుటని దాటెయ్యబోతే వేలు పెట్టి ఆపింది. ఆ మాట చదివి వినిపించి, అది నేనే పుట్టించానని ఒప్పుకున్నాను. "అప్పుడే తెలుసు," అంది.

నిన్న ఒకావిడ రాములమ్మ గోనె మీది కూరలన్నీ తిరగేసి, ధరలన్నీ అడిగి, ఖాళీ సంచితో వెళ్లిపోయింది. రాములమ్మ మెట్ల వైపు తిరిగి నిట్టూర్చింది.

"సూసినావా బాబూ, పొద్దుటేల్నుంచి అన్నీ ఊరకడుగులే!"

ఎవరూ అడగలేదు. గరిటె లేదు. ఆ మాట అన్నట్టు ఆమెకి తెలియను కూడా తెలియదు. నా జేబులో పెన్ను ఉంది, ఎదురుగా ఆదివారం ఉంది. కానీ నేను చదివి వినిపించిందే కదా, ఇది రెండో నోరవుతుందా? టీచర్ ఉంటే అడిగేవాణ్ణి. లేరు కాబట్టి పెన్ను జేబులోనే ఉంచి, వడ్రంగిని ఆ పెన్సిల్ ముక్క అడిగి తీసుకున్నాను. బేరమాడలేదు. నా జీవితంలో అదే మొదటిసారి.

ఆదివారం నా పేరు పక్కన పెన్సిల్‌తో రాములమ్మ అని రాస్తాను. ఆ పేరు మళ్లీ రాయాల్సి రావడం మంటగానే ఉంది. అంతకంటే మంట ఏమిటంటే, నేను పుట్టించిన మాట కూడా ఆమె నోట్లోనే బాగుంది.